మైలుతుత్తం వేయని జిగురు

"ముట్టుకోకండి. ముందు చూడండి," అన్నాడు లైబ్రేరియన్.

బైండింగు గదిలో పెద్ద బల్ల మీద నలభై పుస్తకాలు నాలుగు దొంతులుగా ఉన్నాయి. అన్నీ ఈ ఇంట్లో కట్టినవే. గోధుమరంగు కాలికో గుడ్డ, వెన్ను మీద బంగారు అక్షరాలు. ఆయన పై పుస్తకాన్ని పెన్సిలు మొనతో తెరిచాడు. అట్టకీ వెన్నుకీ మధ్య సందులోంచి తెల్లటి పురుగులు బిలబిలమంటూ బయటికొచ్చాయి. ఒకటి పెన్సిలెక్కి ఆయన వేలి దాకా పాకింది.

మర్యాదస్థుడు. విదిలించలేదు. పెన్సిలు పక్కన పెట్టి, వేలు జేబురుమాలుతో తుడుచుకున్నాడు. ఆ రుమాలు మళ్ళీ జేబులో పెట్టుకోవడానికి మనసొప్పక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"ఇరవై ఏళ్ళుగా మీకే ఇస్తున్నాం. మీరు కట్టిన పుస్తకంలో నేనింతవరకూ పురుగు చూడలేదు. ఇది మీ పని కాదని మీరు చెబితే నమ్ముతాను."

"నా పనే," అన్నాడు బుల్లి నాన్న.

"ఇంకో నూట ఇరవై ఉన్నాయి లైబ్రరీలో. అవి కూడా పంపించనా?"

నాన్న తలూపాడు. లైబ్రేరియన్ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడ్డ బుల్లి వైపు చూసి, ఏదో అనబోయి, మానేసి, రుమాలు వీధి చెత్తకుండీలో పడేశాడు. బుల్లి అది చూసింది. అన్నయ్య పోయాక ఈ ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో ఒక మనిషి చేసిన శుభ్రమైన పని అదొక్కటే అనిపించింది ఆమెకి.

మెట్ల మీంచి మేనత్త గొంతు వినిపించింది. "నేను చెప్తూనే ఉన్నాను తమ్ముడూ. గోడలో పిల్లాణ్ణి పెట్టుకుని పుస్తకాలు కట్టుకుంటానంటే వాడు ఊరుకుంటాడా? చూడు, పుస్తకాల్లోకి కూడా వచ్చేశాడు."

నాన్న ఆమె వైపు చూడలేదు. బల్ల కింద ఉన్న జిగురు బక్కెట్టు పైకి తీశాడు. వేలు ముంచి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు.

మైదా ఉడికించి చేసే ఆ జిగురులో చిటికెడు మైలుతుత్తం కలపాలి. ఆ నీలం పలుకులు విషం. అవి పడితే పురుగు రాదు, ఎలక ముట్టదు. అవి కలిసిన జిగురు లేత నీలంగా ఉంటుంది. నాన్న వేలి మీద ఉన్నది పాలలా తెల్లగా ఉంది.

అన్నయ్య బతికున్నంతకాలం జిగురు కాచే పని వాడిదే. వాడు పోయాక అమ్మ కాస్తోంది. ఎనిమిది నెలలుగా నాన్న ఆ తెల్లజిగురులోనే బ్రష్షు ముంచుతున్నాడు. రంగు చూడలేదు.

"బుల్లీ, తుత్తం ఎందుకు వెయ్యలేదో అడుగు మీ అమ్మని," అన్నాడు.

అమ్మ అక్కడే ఉంది. అన్నయ్య గది గుమ్మంలో, నాన్నకి నాలుగడుగుల దూరంలో. వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోవడం మానేసి కూడా ఎనిమిది నెలలే. ఆ చివరి సోమవారం అన్నయ్య ఒళ్ళు కాలిపోవడం చూసి అమ్మ, "ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్దాం," అంది. నాన్న, "ఈ బైండు ఆరనీ, రేపు వెళ్దాం," అన్నాడు. రాత్రికే వాడు పోయాడు. వాళ్ళ మధ్య చివరి మాటలు అవి.

"వెయ్యలేదని చెప్పు. అది విషం కదా," అంది అమ్మ.

"ఇన్నేళ్ళూ విషం కాదా అని అడుగు."

"ఇన్నేళ్ళూ గోడలో ఎవరూ లేరని చెప్పు." అమ్మ గొంతు మామూలుగా ఉంది. అంగడి నుంచి ఏం తేవాలో చెబుతున్నట్టుంది. "తెల్లవార్లూ వాడు గోడకి అంటిన జిగురు నాకుతాడు. గీకి గీకి నాకుతాడు. నా బిడ్డ నోట్లోకి వెళ్ళేదాంట్లో నా చేత్తో విషం కలుపుతానా?"

బక్కెట్టు పక్కన నేల మీద ఒక తెల్లపురుగు దారి వెతుక్కుంటోంది. నాన్న దాన్ని చూస్తూనే ఉన్నాడు, తొక్కలేదు.



*

అన్నయ్య గదికీ బైండింగు గదికీ మధ్య ఉన్నది ఇటుక గోడ కాదు. రెండు వరసల చెక్కలు, మధ్యలో జానెడు బోలు. సందులు కనపడకుండా తాతగారి రోజుల్లోనే చెక్కల మీద పాత కాగితాలు అంటించారు. అన్నయ్య పోయిన వారానికి ఆ గోడలో గీకుడు మొదలైంది. తర్వాత కంపు. కంపు వచ్చిన ప్రతిసారీ నాన్న మరో పొర కాగితం అంటించాడు. ఏ ఇంట్లోనైనా కంపు కొడితే కిటికీ తెరుస్తారు. ఈ ఇంట్లో బ్రష్షు తీస్తారు.

వీటితోపాటు ఒక చప్పుడు. సాయంత్రం ఐదింటికి అమ్మ పళ్ళెంతో గోడ ముందు కూర్చుని, వాణ్ణి "తిననా నాన్నా?" అని అడుగుతుంది. లోపల్నించి ఠక్కుమని ఒక్క దెబ్బ. అప్పుడు తింటుంది. దెబ్బ పడకపోతే తినదు. అన్నయ్య పోయాక ఎనిమిది రోజులు ఆమె మెతుకు ముట్టలేదు. తొమ్మిదో రోజు గోడ పలికింది. అప్పట్నించీ రోజుకి ఆ ఒక్క పూటే ఆమె తిండి.

ఇవాళ ఆ గదిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. మేనత్త పక్కవీధి నుంచి పిలుచుకొచ్చింది. ఒకామె చెవి గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. రెండో ఆమె వంతు కోసం చూస్తోంది. మేనత్త సంగీతం వింటున్నదానిలా తల పంకిస్తోంది.

"వినపడిందా? గోళ్ళతో గీకుతున్నట్టు లేదూ? పాపం, పిల్లాడికి గోళ్ళు బాగా పెరిగి ఉంటాయి."

బుల్లి చేతిలో చీపురు ఉంది. దాన్ని గట్టిగా పట్టుకుంది. అన్నయ్య ఆదివారం ఆదివారం గోళ్ళు కత్తిరించుకునేవాడు. వేళ్ళకి జిగురు అంటితే మూడుసార్లు కడుక్కునేవాడు.

అప్పుడే వసపిట్ట వచ్చింది. బుల్లి స్నేహితురాలు. నోరు మూతపడదని చిన్నప్పుడు అన్నయ్యే ఆ పేరు పెట్టాడు. గుమ్మంలో నిలబడి ఒకసారి అందర్నీ చూసింది.

"ఆంటీ, ఆ చెవే పెట్టారా? నిన్న ఒకావిడ కూడా ఆ చెవే పెట్టింది. పురుగు దూరింది. ఇంకా బయటికి రాలేదట. లోపలే సంసారం పెట్టిందని డాక్టరు అన్నాడు."

చెవి పెట్టినామె ఒక్క ఉదుటున లేచింది. రెండో ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

"నీకు పెద్దంతరం చిన్నంతరం లేదే?" అంది మేనత్త.

"ఉందత్తా. అందుకే మీకు చెప్పకుండా ఊరుకున్నాను. మీరు రోజూ పెడుతున్నారుగా చెవి."

మేనత్త చెవి తడుముకుంటూ మెట్లెక్కింది. బుల్లికి నవ్వు రావాలి. రాలేదు.

*

పెరట్లో కుళాయి దగ్గర ముగ్గురూ నిలబడ్డారు. మూడోవాడు బద్ద. అన్నయ్యతో చదువుకుని, ఇప్పుడు వడ్రంగం చేస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడని ఆ పేరు.

"గోడ తియ్యి," అంది బుల్లి.

"తియ్యను."

"ఎందుకు?"

"తీస్తే ఆవిడ ఏం తింటుంది? ఆ గోడ చెబితే గానీ తినని మనిషి. ఆ మాట తెలిసి కూడా నన్ను ఉలి పట్టమంటావా?"

"ఆవిడ?" అంది వసపిట్ట. "నిరుటిదాకా పిన్నీ అనేవాడివి. బుల్లి వాళ్ళ నాన్నని బాబాయ్ అనేవాడివి. ఈ మధ్య ఆవిడ, ఆయన అయ్యారేంటి? వరస మార్చుకుంటున్నావా?"

బద్ద చెవులు ఎర్రబడ్డాయి. కుళాయి తిప్పి, అవసరం లేకుండా చేతులు కడుక్కున్నాడు. బుల్లి నేల వైపు చూసింది.

"సరే, అది తర్వాత తేల్చుకుందాం," అంది వసపిట్ట. "గీకుడు ఎలక. కంపు చచ్చిన ఎలక. ఇంతవరకూ నాకు అర్థమైంది. మరి ఐదింటికి ఆ ఠక్కు? ఎలక్కి గడియారం ఉందా? ఒకటే దెబ్బ, రెండోది ఉండదు. నాకు ఎలకలంటే భయం లేదు గానీ, లెక్కలొచ్చిన ఎలకంటే భయమే."

"ఆ టైములో ఇంట్లో ఎవరెవరు ఎక్కడుంటారు?" అన్నాడు బద్ద.

"నేను అమ్మ దగ్గర. అత్తయ్య కూడా అక్కడే, వినడానికి. నాన్న బైండింగు గదిలో, తలుపేసుకుని. ఐదింటికి అక్షరాలకి బంగారు రేకు అంటించే పని పెట్టుకుంటాడు. ఊపిరి గట్టిగా వదిలినా రేకు లేచిపోతుంది. ఆ తలుపు ఎవరం తియ్యం. చిన్నప్పట్నించీ అంతే."

బద్ద బైండింగు గది వైపు చూశాడు.

"వినండి," అంది బుల్లి. "నాకు దెయ్యమంటే భయం లేదు. అసహ్యం. ఈ ఇంట్లో గాలి పీలిస్తే నాలిక మీద ఏదో పేరుకుంటోంది. అన్నయ్య ఎంత శుభ్రంగా ఉండేవాడో మీకు తెలుసు. వాడు గోళ్ళు పెంచుకుని చీకట్లో కూర్చుని జిగురు నాకుతున్నాడని ఊరంతా అనుకుంటోంది. మా అమ్మ కూడా అదే అనుకుంటోంది. చచ్చిపోయినవాణ్ణి కూడా శుభ్రంగా ఉండనివ్వరా?"

బద్ద కుళాయి కట్టేశాడు.

"మీ అమ్మ ఒప్పుకుంటే తీస్తాను. ఒప్పించేది నువ్వే. నేను కాదు."

*

అమ్మ గోడ ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"అమ్మా, కొంచెం జరుగు. బద్ద గోడ తీస్తాడు."

"ఎందుకు?"

కంపు అని చెప్పొచ్చు. పురుగులని చెప్పొచ్చు. ఆ మాటలకి అమ్మ జరగదని బుల్లికి తెలుసు.

"తీస్తే అన్నయ్యని చూడొచ్చు," అంది.

అమ్మ ముఖం ఎత్తింది. అంత నమ్మకంగా ఎవరైనా తనని చూసి ఎన్నాళ్ళయిందో బుల్లికి గుర్తు లేదు.

"నిజంగానా?"

"నిజంగానే."

అమ్మ లేచి పీట పక్కకి జరిపింది. జుట్టు సవరించుకుంది. బుల్లికి తన నోరు తానే కడుక్కోవాలనిపించింది.

బద్ద మొదట ఉలితో కాగితం కోశాడు. అది కాగితంలా రాలేదు. ఏళ్ళ తరబడి అంటించిన పొరలన్నీ అట్టలా గట్టిపడి, ఈ ఏడు అంటించిన పై పొరలు మాత్రం తడిగా, బూడిదరంగుగా, తడిసిన చర్మంలా ఊడి వచ్చాయి. ఊడిన చోటల్లా తెల్లటివి కదిలాయి. రెండు మేకులు పీకి మొదటి చెక్క లాగాడు.

కంపు గదిలోకి దూకింది.

కంపు అన్న మాట సరిపోదు. కుళ్ళిన గుడ్డు, ఎలకల మూత్రం, పులిసిన పిండి, ఇంకా పేరు లేనిదేదో, అన్నీ కలిసి ఒకే ముద్దగా గొంతులోకి వచ్చి కూర్చున్నాయి. వసపిట్ట నోరు తెరిచి, ఏమీ అనకుండానే మూసుకుని, పెరట్లోకి పరిగెత్తింది.

రెండో చెక్క. మూడోది. అడుగున, నేలకి ఆనుకుని, చింపిన కాగితాలతో చేసిన గూడు. అందులోంచి లావుపాటి ఎలక ఒకటి బద్ద పాదం మీదుగా బయటికి పరిగెత్తింది. గూటిలో ఐదు పిల్లలు. కళ్ళు తెరవలేదు. ఒంటి మీద వెంట్రుక లేదు. గులాబీరంగు వేళ్ళలా మెదులుతున్నాయి. వాటి చుట్టూ బూజుపట్టిన రొట్టెముక్కలు, నల్లబడ్డ ఉడికిన గుడ్లు, పండ్ల తొక్కలు, ఒక చెంచా.

చెక్కల పైభాగంలో చెయ్యి పట్టేంత సందు ఉంది. అమ్మ రోజూ అందరూ వెళ్ళాక తన పళ్ళెంలోంచి సగం అందులోంచి జారవిడిచేది. రోజుకి ఒక్క పూట తిండి. అందులో సగం.

మేనత్త గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఎలకలేనా?" అంది. ఆ గొంతులో ఉన్నది నిరాశ. పాట మధ్యలో రేడియో ఆగిపోయినప్పటి నిరాశ. బుల్లికి గూటిలో ఉన్నవాటి కంటే ఆ గొంతే రోతగా అనిపించింది.

అమ్మ వంగింది. చాలాసేపు ఆ పిల్లల్ని చూసింది.

"ఇవన్నీ నేను పెట్టినవే కదూ?"

"అవునమ్మా."

"వీటికా పెట్టాను?"

అమ్మ నిటారుగా లేచింది. ఏడవలేదు. అరవలేదు.

"చూపిస్తానన్నావు," అంది. "చూపిస్తానన్నావుగా బుల్లీ."

వెళ్ళి అన్నయ్య మంచం మీద గోడకి ఎదురుగా కూర్చుంది.

*

బద్ద గూడుని పాత పెట్టెలో పెట్టి పెరట్లోకి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి బోలులోకి దీపం పట్టి చూశాడు. అవతలి వరస చెక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటి వెనక నాన్న బైండింగు గది.

"బుల్లీ," అన్నాడు మెల్లగా. "ఇటు రా."

ఛాతీ ఎత్తులో ఒక చెక్క ఇటువైపుకి ఉబ్బి ఉంది. పేళ్ళు లేచాయి. అవతలి నుంచి ఒకే చోట, ఎన్నో రోజులపాటు దెబ్బలు తిన్న చెక్క.

బుల్లి చుట్టూ తిరిగి బైండింగు గదిలోకి వెళ్ళింది.

నాన్న పురుగుపట్టిన పుస్తకాల అట్టలు ఊడదీస్తున్నాడు. కత్తితో వెన్ను కోసి, లోపలి కాగితాల ఫారాలు దులిపి, ఒక పక్క పెడుతున్నాడు. గోడకి మేకు మీద ఆయన పనిగుడ్డ వేలాడుతోంది. బుల్లి దాన్ని తొలగించింది.

కాగితం చిరిగిపోయి చెక్క బయటపడింది. దాని మీద గుండ్రటి గుంటలు, ఒకదాని మీద ఒకటి. వెన్ను గుండ్రంగా రావడానికి ఆయన వాడే సుత్తి ముఖం సరిగ్గా అంతే ఉంటుంది.

"ఏంటి నాన్నా ఇది?"

ఆయన కత్తి పక్కన పెట్టాడు.

"తొమ్మిదో రోజు," అన్నాడు. "పుస్తకం వెన్ను కొడుతున్నాను. అటు మీ అమ్మ గొంతు వినపడింది. 'నేను తిననా నాన్నా' అని వాణ్ణి అడుగుతోంది. అప్పుడే నా సుత్తి జారి గోడకి తగిలింది. కావాలని కొట్టింది కాదమ్మా. కాసేపటికి పళ్ళెం చప్పుడైంది. తింటోంది."

"మర్నాడు?"

"మర్నాడు కావాలనే కొట్టాను."

"బంగారు రేకు పని అని తలుపేసుకుని."

"అవును."

"దాదాపు ఎనిమిది నెలలు. వాడు లోపలున్నాడని అమ్మ నమ్ముతుంటే, అత్తయ్య జనాన్ని పోగేసుకొస్తుంటే, ఆ కంపులో, ఆ పురుగుల్లో నువ్వు రోజూ ఐదింటికి..." ఆమెకి ఊపిరి అందలేదు. "ఆ తలుపు తీసుకుని అటు వెళ్ళి, తిను అని ఒక్క మాట చెబితే అయిపోయేది కదా?"

"నేను చెబితే తినదు."

"అడిగి చూశావా?"

నాన్న కత్తి చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టేశాడు.

"ఛీ," అంది బుల్లి.

ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. అన్నాక కూడా నోరు శుభ్రపడలేదు.

*

కుళాయి కింద చేతులు రుద్దుకుంటూనే ఉంది. బద్ద పక్కన నిలబడి సబ్బు అందిస్తున్నాడు.

"నీకు ముందే తెలుసు కదూ?"

"అనుమానం ఉంది. చెక్క మీద సుత్తిదెబ్బ చెక్కపనివాడికి తెలీదా? పోయిన నెల విన్నప్పుడే అనుకున్నాను."

"చెప్పలేదే?"

"ఆవిడ తింటోంది కదా బుల్లీ."

"అందరూ అదే మాట. తింటోంది, తింటోంది. ఏం తిందో చూశావుగా? నువ్వూ వాళ్ళలాంటివాడివే. ముట్టుకోకు నన్ను."

ముట్టుకోవడానికి చెయ్యి ఎత్తినవాడు ఆగిపోయాడు.

"ముట్టుకోను. జుట్టులో పురుగుంది. తియ్యనా, నువ్వే తీసుకుంటావా?"

బుల్లి కళ్ళు గట్టిగా మూసుకుంది. "తియ్యి."

అతను రెండు వేళ్ళతో, పలచటి చెక్కపొర ఎత్తినంత జాగ్రత్తగా, చెవి వెనక వెంట్రుకల్లోంచి దాన్ని తీశాడు. ఆమెకి చూపించలేదు. గట్టు అవతలికి విసిరి, తన చెయ్యి కడుక్కుని, ఇంకోసారి ఆమె జుట్టంతా ఓపిగ్గా వెతికాడు.

"ఇంక లేవు," అన్నాడు.

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాడు.

గట్టు మీద వసపిట్ట ఎర్రబడ్డ కళ్ళతో కూర్చుని ఉంది. "నా జుట్టు కూడా ఎవరైనా చూస్తారా, లేక నేను గుండు కొట్టించుకోనా?" అంది. ఈసారి బుల్లి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. వసపిట్ట లేచి వచ్చి ఆమెని కౌగిలించుకుంది.

"ఐదు కావస్తోంది," అంది ఆమె భుజం మీంచి.

*

అన్నయ్య గదిలో కిటికీ తెరిచి ఉంది. వసపిట్ట నేల కడిగింది. అమ్మ మంచం మీదే ఉంది. బుల్లి పళ్ళెం తెచ్చి పక్కన పెట్టింది. రొట్టె, ఒక పండు.

"తినమ్మా."

అమ్మ విననట్టే ఉంది.

"ఇవాళ నేను చెబుతున్నాను. తిను."

గోడ సగం ఊడి ఉంది. అవతలి చెక్కల మీద తాతగారి నాటి కాగితాలు వెనకనుంచి పసుపుపచ్చగా కనిపిస్తున్నాయి. ఇంక అందులో దాక్కోవడానికి ఎవరికీ చోటు లేదు. అయినా ఐదు కాగానే అమ్మ ముఖం ఆ వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. అడగలేదు. ఎదురుచూసింది.

చప్పుడు లేదు.

ఐదూ ఐదు. ఐదూ పది. అమ్మ పళ్ళేన్ని రెండు వేళ్ళతో మంచం అంచుదాకా జరిపింది. ఆ జరపడం బుల్లికి తెలుసు. ఆ మొదటి ఎనిమిది రోజులూ ప్రతి పళ్ళెం అలాగే జరిగింది.

బుల్లి వెళ్ళి నాన్న గది తలుపు తోసింది. ఆయన గోడ ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సుత్తి బల్ల మీద ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"కొట్టు నాన్నా."

"నువ్వే కదా ఛీ అన్నావు."

"అన్నాను. కొట్టు."

"ఇంక ఎలా కొడతాను? చూసేసింది కదా లోపల ఏముందో."

బుల్లికి ఆ సుత్తి అంటే అసహ్యం. ఆ గుంటలంటే అసహ్యం. పిడి మీద నాన్న చేతి చెమటతో నల్లబడ్డ మరక అంటే కూడా. అయినా చేతిలోకి తీసుకుంది. గుంటల మధ్య గురిచూసి ఒక్కటి కొట్టింది.

అటువైపు మంచం కిర్రుమంది. తర్వాత అమ్మ గొంతు, మధ్యలో ఒక్క వరస చెక్కలే ఉండడంతో, పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టు వినిపించింది.

"నువ్వా బుల్లీ?"

బుల్లి చేతిలో సుత్తి బరువెక్కింది.

"మీ నాన్న అలా కొట్టడు. ముందు సుత్తి ఆనిస్తాడు. ఆనించి, ఆ తర్వాత కొడతాడు. పాతికేళ్ళుగా వింటున్నాను, నాకు తెలీదా?"

నాన్న తలెత్తాడు.

"నీకు తెలుసా అమ్మా?" అంది బుల్లి. "మరి అన్నయ్య అన్నావు, గోడలో ఉన్నాడన్నావు?"

"గీకేది వాడనుకున్నాను. కొట్టేది ఆయనే అని రెండో రోజే తెలుసు. ఈ ఇంట్లో నన్ను తినమన్నది ఆ దెబ్బొక్కటే. ఆయన్ని కొట్టమను."

నాన్న లేచాడు. కూతురి చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు. "బుల్లీ, మీ అమ్మని అడుగు..." అని మొదలుపెట్టాడు. ఎనిమిది నెలల అలవాటు. మధ్యలో ఆగిపోయాడు.

తలుపు నాలుగడుగుల దూరంలో తెరిచే ఉంది. ఆయన ఒకసారి తలుపు వైపు, ఒకసారి గోడ వైపు చూశాడు.

గోడ దగ్గరికి నడిచి, సుత్తి ముఖాన్ని చెక్కకి ఆనించాడు. ఆనించిన చెయ్యి లేవలేదు. సుత్తి చెక్కకి ఆనిన చిన్న చప్పుడు బుల్లికి వినిపించింది. అటువైపు అమ్మకీ వినిపించే ఉంటుంది.

దెబ్బ పడలేదు. పళ్ళెం చప్పుడు కాలేదు.